గుడిబండ రాకుమారుడు: కత్తి కాంతారావు నటజీవితం, ఆత్మకథ

(కట్టంగూర్ స్మారకోపన్యాస పాఠం)

తెర మీద టి.ఎల్. కాంతారావు, జనం నోట కత్తి కాంతారావు. అసలు పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923 నవంబరు 16న నల్లగొండ జిల్లా కోదాడ దగ్గరున్న గుడిబండలో పుట్టారు. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఆ ఊరు సూర్యాపేట జిల్లాలోకి పోయింది. 1950ల మొదట్లో మద్రాసు చిత్రసీమలో అడుగుపెట్టి, జానపద చిత్రాల కథానాయకుడిగా పేరు తెచ్చుకున్నారు. పురాణ పాత్రలు వేశారు, సాంఘికాలు చేశారు, సొంతంగా సినిమాలు తీసి చేతులు కాల్చుకున్నారు. ‘అనగనగా ఒక రాకుమారుడు’ అనే పేరుతో తన కథ తానే రాసుకున్నారు. 2009 మార్చి 22న హైదరాబాద్‌లో కన్నుమూశారు. నటించిన సినిమాలు నాలుగు వందల దాకా ఉంటాయని లెక్క చెబుతారు. తెలంగాణ పల్లె నుంచి సినిమాకు వెళ్లిన మొదటి మనిషి ఆయన కాదు. కరీంనగర్ నుంచి వెళ్లిన పైడి జైరాజ్ అంతకన్నా ముందువాడు. అయితే జైరాజ్ ఏలింది బొంబాయిలో హిందీ తెరను. తెలుగు తెర మీద కథానాయకుడిగా నిలదొక్కుకున్న తొలితరం తెలంగాణవాడంటే కాంతారావు పేరే ముందు చెప్పాలి.

ఈ ఉపన్యాసానికి వేదికైన కట్టంగూర్ మీదుగా పోయే పెద్దరోడ్డు ఒకప్పుడు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి, ఇప్పుడు అరవై అయిదో నంబరు. అది మ్యాపులో ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసినా, ఇక్కడివాళ్లకు దానికి రెండే కొసలు: ఒకటి హైదరాబాద్, రెండోది బెజవాడ. నకిరేకల్, సూర్యాపేట, మునగాల దాటి కోదాడ చేరేసరికి హైదరాబాద్ దూరమైపోతుంది, బెజవాడే దగ్గరవుతుంది. గుడిబండ ఉన్నది ఆ అంచున. కాంతారావు పుట్టేనాటికి అది నిజాం రాజ్యం. కోదాడ దాటి కొద్ది దూరం పోతే ఇంగ్లీషువాళ్ల కృష్ణా జిల్లా. పైగా పక్కనే ఉన్న మునగాల పరగణా ఒక వింత. చుట్టూ నిజాం ఇలాకా, నడుమ ఆ పరగణా మాత్రం కృష్ణా జిల్లాలో భాగం. ఆ పరగణా రాజా నాయని వెంకటరంగారావు 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం నెలకొల్పినవారిలో ముఖ్యుడు. బడిలో, కచేరీలో ఉర్దూ రాజ్యమేలుతున్న కాలంలో తెలుగు పుస్తకం, తెలుగు పద్యం, తెలుగు నాటకం ఈ సరిహద్దు మీదుగా అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. కాంతారావు తరాన్ని అర్థం చేసుకోవడానికి ఈ భూగోళం తెలియాలి.

నల్లగొండ, పాలమూరు పల్లెలకు రాకుమారుడు సినిమాతో వచ్చినవాడు కాదు. చిందు యక్షగానంలో చెక్క ఆభరణాలు, కిరీటం పెట్టుకుని రాత్రంతా చిందు వేసే రాజు పాత్ర ఈ నేలకు పాత చుట్టం. వీధి భాగోతం, బుర్రకథ, ఒగ్గుకథ, పటం కథలు, ఊరూరా తిరిగే నాటక సమాజాల సెట్టింగులు, ఇవన్నీ కలిసి ఒక ప్రేక్షకుణ్ణి తయారుచేసి పెట్టాయి. రాజు అడవిలో దారి తప్పడం, మాంత్రికుడి చేతిలో రాకుమార్తె బందీ కావడం, చిలకలో ప్రాణం దాగడం వంటివి ఈ ప్రేక్షకుడికి కొత్తగా చెప్పాల్సిన సంగతులు కావు. వాటిని ఎంత బాగా చెప్పారన్నదే చూస్తాడు. నాటకాల మోజుతో పెరిగిన కుర్రవాడికి అందులో నిలబడే చోటు దొరికింది.

భాష గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సాంఘిక చిత్రాల్లో సంభాషణ కృష్ణా, గుంటూరు మాటతీరు వైపు మొగ్గేది. తెలంగాణ యాసకు తెర మీద దక్కింది చాలాకాలం హాస్యపాత్రో, రౌడీ పాత్రో మాత్రమే. జానపద చిత్రం సంగతి వేరు. ‘ఔరా’, ‘ప్రభూ’, ‘ఎంత సాహసం’ అనే ఆ రంగస్థలపు తెలుగు ఏ జిల్లాదీ కాదు. గుంటూరువాడైనా నల్లగొండవాడైనా దాన్ని నేర్చుకుని పలకాల్సిందే. యాస అడ్డురాని ఒకే ఒక్క సినిమా రకంలో గుడిబండ మనిషి కథానాయకుడు కాగలగడం వట్టి కాకతాళీయం అనిపించదు. తెలంగాణలో కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చి జవాబిచ్చారు. నటులు లేరన్న మాటకు అలాంటి సంచిక ఎవరూ తేలేదు. ఆ పని కొంతవరకు కాంతారావు సినిమా పోస్టర్లు చేశాయి.

మద్రాసులో ఆయనకు ఆసరా అయినవాడు హెచ్.ఎం. రెడ్డి. 1932లో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ తీసిన దర్శకుడాయన. 1951లో వచ్చిన ఆయన ‘నిర్దోషి’లో కాంతారావు చిన్న వేషం వేశారు. 1953లో వచ్చిన ‘ప్రతిజ్ఞ’లో కథానాయకుడయ్యారు. అదే సినిమాతో రాజనాల కాళేశ్వరరావు ప్రతినాయకుడిగా తెర మీదికి వచ్చారు. నెల్లూరు నుంచి వచ్చిన రాజనాల, గుడిబండ నుంచి వెళ్లిన కాంతారావు ఒకే సినిమాలో ఎదురెదురు నిలిచారు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లపాటు తెలుగు పల్లెలు చూసిన కత్తియుద్ధాల్లో చాలావాటికి ఈ జంటే కారణం. జానపద చిత్రానికి నాయకుడెంత అవసరమో, కళ్లెర్రజేసి వికటంగా నవ్వే ప్రతినాయకుడూ అంతే అవసరం. కాంతారావు ఖ్యాతిలో రాజనాలకు వాటా ఉంది.

‘ప్రతిజ్ఞ’తో దారి సాఫీ అయిపోలేదు. 1955లో ఎన్.టి. రామారావు సొంత సంస్థ తీసిన ‘జయసింహ’లో కాంతారావు కథానాయకుడి తమ్ముడు. దర్శకుడు యోగానంద్, నాయికలు అంజలీదేవి, వహీదా రెహమాన్. గద్దె చుట్టూ తిరిగే కథలో తమ్ముడి వేషం చిన్నది కాదు గాని, సింహాసనం మాత్రం అన్నదే. కాంతారావు నటజీవితమంతా ఈ అమరికలోనే సాగింది. పెద్ద సంస్థ సినిమాలో ఆయన సింహాసనం పక్కన ఉంటారు. చిన్న సంస్థ సినిమాలో సింహాసనం మీద ఉంటారు. రెండో రకం సినిమా లేకపోతే కత్తి కాంతారావు అనే పేరే పుట్టేది కాదు.

ఆ రెండో రకం సినిమాకు పెద్ద దిక్కు బి. విఠలాచార్య. ఉడుపి దగ్గరి ఉద్యావరలో పుట్టి, కన్నడ చిత్రాలతో మొదలై, మద్రాసు చేరి తెలుగువాళ్లకు జానపద బ్రహ్మ అయ్యారు. 1959లో ఆయన తీసిన ‘జయ విజయ’లో కాంతారావే నాయకుడు. అక్కణ్ణుంచి వరస మొదలైంది: 1960లో ‘కనకదుర్గ పూజామహిమ’, 1961లో ‘వరలక్ష్మీ వ్రతం’, 1962లో ‘మదనకామరాజు కథ’, 1963లో ‘గురువును మించిన శిష్యుడు’, 1964లో ‘నవగ్రహ పూజామహిమ’, 1965లో ‘జ్వాలాద్వీప రహస్యం’. ఏడాదికొకటి అన్నట్టు వచ్చాయి. కృష్ణకుమారి, రాజశ్రీ నాయికలు. విఠలాచార్య లెక్క అంతా పొదుపు లెక్క. వేసిన సెట్టునే రంగు మార్చి మళ్లీ వాడాలి, అనుకున్న రోజుల్లో షూటింగు ముగియాలి. తారల జీతాలకు పోయే డబ్బు దెయ్యాలకు, రాక్షసులకు, ఎగిరే పాదుకలకు పెట్టాలి. అలాంటి చోట పనికొచ్చేది పిలిస్తే పలికే నాయకుడు. గుర్రం ఎక్కగలగాలి, కత్తి తిప్పగలగాలి, రాజు దుస్తుల్లో రాజులా కనిపించాలి, ఒకే పగలు రెండు సెట్ల మీద నిలబడగలగాలి. కాంతారావుకు ఇవన్నీ ఉన్నాయి. అందం విషయంలోనూ లోటు లేదు. కోల ముఖం, సూటి ముక్కు, సన్న మీసం. కిరీటం ఆ తలకు కొలిచి చేసినట్టు ఉండేది.

ఈ సినిమాల్లో కత్తియుద్ధం ఎలా తయారవుతుందో దగ్గరగా చూడడం అవసరం. ఇంగ్లీషు సినిమాలో ఎరోల్ ఫ్లిన్ చేతి సన్న కత్తి పొడవడానికి పుట్టింది. తెలుగు జానపదంలో కత్తి నరకడానికి పుట్టింది. వెడల్పుగా, వంపుగా, పిడి దగ్గర బరువుగా ఉంటుంది. దూరం నుంచి తీసే షాట్లకు చెక్కతోనో తేలిక రేకుతోనో చేసి వెండి రంగు పూసినవి వాడతారు. దగ్గర షాట్లకు లోహపు కత్తి కావాలి, మెరుపు కనబడాలి గనక. మాస్టరు ముందుగా అంకెలు కట్టి నేర్పుతాడు: ఒకటికి పైనుంచి వేటు, రెండుకు అడ్డు, మూడుకు పక్కకు తిరగడం, నాలుగుకు వంగడం, అయిదుకు కత్తులు రెండూ పెనవేసుకుని ముఖాలు దగ్గరికి రావడం. ఆ అయిదో అంకె దగ్గరే ప్రతినాయకుడు సవాలు విసురుతాడు, నాయకుడు జవాబు చెబుతాడు. ఎవరికైనా ఒక్క అంకె తప్పితే కత్తి ఎదుటివాడి వేళ్ల మీద పడుతుంది. నెత్తిన కిరీటం, దాని కింద విగ్గు, ఒంటి మీద జరీ కుట్టిన మఖ్‌మల్ అంగీ, ముఖం నిండా రంగు, చుట్టూ కాలుతున్న దీపాలు. ఆ ఉక్కలో మెట్ల మీద వెనక్కి నడుస్తూ, కిందికి చూడకుండా, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ పోరాడాలి. మామూలుగా కెమెరా సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు తీస్తుంది. పోరాటానికి దాన్ని కొంచెం తగ్గించి తిప్పితే, తెర మీద అదే పోరు వేగంగా కనిపిస్తుంది. ఈ కిటుకు తెలిసిన నటుడు తన కదలికను తూచి వేస్తాడు. మరీ తొందరపడితే తెర మీద కోతి చేష్టలవుతాయి, మరీ నింపాదిగా ఉంటే వేటులో ఊపు ఉండదు. కాంతారావు పోరాటం చూసినవారికి గుర్తుండేది ఈ తూకమే. ఆయన కత్తి ఎంత వేగంగా తిరిగినా నడుము నిటారుగా ఉంటుంది. రాజుల బిడ్డ పోరాడుతున్నాడు అనిపిస్తుంది, వీధి కొట్లాట అనిపించదు.

ఈ పని అంతా చేరేది డేరా టాకీసుకు. తెలంగాణ మెట్ట పల్లెల్లో పక్కా సినిమా హాలు పట్నం సంగతి. సంతలు జరిగే ఊళ్లకు, జాతర్ల ఊళ్లకు టూరింగు టాకీసు వచ్చి డేరా వేసేది. ముందు నేల, వెనక బెంచీ, ఆ వెనక కుర్చీ. ఆడవాళ్లకు వేరే వైపు చోటు. పగలు బండికి పోస్టరు కట్టి మైకులో అరుచుకుంటూ తిరిగేవారు. ఆ అరుపులో నటుల పేర్లకన్నా ముందు వచ్చే మాట ‘కత్తియుద్ధాలు’. ఒక్కటే ప్రొజెక్టరు ఉన్నచోట రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. నాయకుడు కొండ అంచున వేలాడుతుండగా రీలు అయిపోతే డేరా అంతా ఈలలే. మర్నాడు ఊళ్లో పిల్లల చేతుల్లో ఈతమట్టలు, తాటిమట్టలు, జొన్న దంట్లు కత్తులయ్యేవి. ఇద్దరు కుర్రాళ్లుంటే ఒకడు కాంతారావు, ఒకడు రాజనాల. ఎవరు రాజనాల కావాలన్న దగ్గర తగువు. గొడవకు దిగేవాణ్ణి ‘నువ్వేమన్న కత్తి కాంతారావా’ అని ఎత్తిపొడవడం పెద్దవాళ్ల నోట చాలాకాలం నిలిచింది. నటుడి పేరు సామెతలా వాడుకలోకి దిగడం పురస్కారాల కన్నా పెద్ద కొలత. ఆ కొలతలో కాంతారావుకు సాటి వచ్చేవాళ్లు తక్కువ.

పురాణ చిత్రాల్లో ఆయన స్థానం మరో రకం. 1960లో ‘దీపావళి’లో నారదుడు, 1961లో ‘సీతారామ కల్యాణం’లో నారదుడు, 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’లో నారదుడు, 1966లో ‘శ్రీకృష్ణ తులాభారం’లోనూ నారదుడే. కత్తి చేతపట్టి కేకలు వేసే నటుడు తంబుర పట్టి చిరునవ్వుతో చిచ్చుపెట్టే పాత్రలో ఇంతగా ఒదగడం ఆశ్చర్యమే. నారదుడిలో కాంతారావు ఒంటిని కాదు, కనుబొమల్ని వాడారు. ‘నర్తనశాల’ (1963), ‘పాండవ వనవాసం’ (1965) చిత్రాల్లో ఆయన శ్రీకృష్ణుడు. ఇది ఇంకా కష్టం. అప్పటికే తెలుగువాళ్ల మనసులో కృష్ణుడంటే రామారావు. మొదటి సినిమాలో రామారావు బృహన్నల, రెండోదానిలో భీముడు. అంటే కృష్ణుడి ముఖంగా జనం ఒప్పుకున్న మనిషి అదే ఫ్రేములో మరో వేషంలో నిలబడి ఉండగా, కాంతారావు కృష్ణుడై మెప్పించాలి. మెప్పించారు. రామారావు కృష్ణుణ్ణి అనుకరించకుండా, గాంభీర్యం తగ్గించి, చుట్టరికం పెంచి, ఇంటికొచ్చిన మేనబావలా ఆడారు. 1963లోనే వచ్చిన రంగుల చిత్రం ‘లవకుశ’లో లక్ష్మణుడు. సీతను అడవిలో దించి రావాల్సిన తమ్ముడి వేదన ఆ సినిమాలో అన్నిటికన్నా గట్టి ఘట్టాల్లో ఒకటి. అక్కడ కత్తికి పని లేదు. అన్న మాట కాదనలేక, వదిన ముఖం చూడలేక తల దించుకున్న మనిషి మాత్రమే ఉన్నాడు. కాంతారావు కేవలం కత్తి నటుడు అనేవాళ్లకు ఈ ఒక్క ఘట్టం చూపితే చాలు.

సాంఘికాల్లో ‘శాంతి నివాసం’ (1960), ‘రక్త సంబంధం’ (1962) చెప్పుకోదగ్గవి. 1960లోనే గుత్తా రామినీడు దర్శకత్వంలో వచ్చిన ‘చివరకు మిగిలేది’లో సావిత్రి ముఖ్యపాత్ర, కాంతారావు ఆమెతో నటించారు. అన్నిటిలోకీ విలువైనది 1969 నాటి ‘ఏకవీర’. విశ్వనాథ సత్యనారాయణ నవల, సి.ఎస్. రావు దర్శకత్వం, సి. నారాయణరెడ్డి మాటలు. రామారావు సేతుపతి, కాంతారావు వీరభూపతి. ఇద్దరు స్నేహితులు, ఒకరు వలచిన అమ్మాయి ఇంకొకరి ఇల్లాలు కావడం, పైకి చెప్పుకోలేని బాధ. మధుర నాయకరాజుల కాలం కథ గనక దుస్తులు రాచవే, కత్తులు ఒరలోనే ఉంటాయి. జానపద వేషాల్లో నేర్చిన నిలబడే తీరు, చూపు, నడక ఇక్కడ కత్తి దూయకుండానే పనికొచ్చాయి. ఆ సినిమా డబ్బు విషయంలో ఎలా ఆడినా, కాంతారావు నటనకు కొలబద్దగా దాన్నే తీసుకోవాలి.

1960ల చివరికొచ్చేసరికి గాలి మళ్లింది. 1966లో ‘గూఢచారి 116’ వచ్చింది, 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’ వచ్చింది. కృష్ణ చేతిలో తుపాకీ, తల మీద టోపీ, కింద గుర్రం. గుర్రం పాతదే, ఆయుధం మారింది. కత్తి పోరాటానికి నిమిషాలు కావాలి, తుపాకీకి ఒక్క క్షణం చాలు. రంగుల ఫిలిం మామూలైపోవడం ఇంకో దెబ్బ. నలుపు తెలుపులో అట్టకోట రాతికోటలా కనబడుతుంది, రంగుల్లో అట్టలాగే కనబడుతుంది. సెట్లకు, దుస్తులకు ఖర్చు పెరిగింది, పొదుపు జానపదానికి ఉన్న లాభం పోయింది. విఠలాచార్య కూడా ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964) నాటి నుంచే రామారావుతో పెద్ద జానపదాలు తీస్తున్నారు. 1967లో ‘చిక్కడు దొరకడు’లో ఇద్దరూ కలిసి నటించారు. జానపద చిత్రం తగ్గుతూ ఉంటే, ఉన్న కొద్దిపాటి సింహాసనాలకు పోటీ పెరిగింది.

ఆ సమయంలోనే కాంతారావు నిర్మాత అయ్యారు. 1969లో ‘సప్తస్వరాలు’, అదే ఏడాది ‘గండర గండడు’, 1971లో ‘ప్రేమజీవులు’, 1974లో ‘గుండెలు తీసిన మొనగాడు’, చాలాకాలం ఆగి 1989లో ‘స్వాతి చినుకులు’. పేర్ల వరస చూస్తేనే కాలం తెలుస్తుంది. మొదటిదాని పేరులో సంగీతం ఉంది, రెండోదానిలో వీరం, నాలుగోదానికొచ్చేసరికి మొనగాడు. ప్రేక్షకుడు ఎటు పోతున్నాడో వెతుక్కుంటూ నిర్మాత వెంట పరుగెత్తిన జాడ అది. నష్టాలు వచ్చాయి, ఆస్తులు కరిగాయి. కత్తి వీరుడు నిర్మాత కావడం వింత కాదు. తమిళంలో ఎం.జి. రామచంద్రన్ 1958లో ఉన్నదంతా పెట్టి తానే దర్శకుడై ‘నాడోడి మన్నన్’ తీశారు, గెలిచారు, ఆ గెలుపు మీద ఇంకా పైకి ఎక్కారు. ఎం.జి.ఆర్. వెనక అభిమాన సంఘాలున్నాయి, పార్టీ ఉంది. కాంతారావు వెనక ఈతమట్టల కత్తులు పట్టిన పిల్లలున్నారు. వాళ్లు టికెట్టు కొనగలిగినా జిల్లా పంపిణీ హక్కులు కొనలేరు గదా. నిర్మాతగా ఆయన తప్పటడుగులు వేశారన్నది నిజం. సొంత సినిమా మొదలుపెట్టింది తన రకం సినిమా వెనకపట్టు పట్టిన ఏడాదుల్లో. అయిదారేళ్లు ముందు పెట్టి ఉంటే లెక్క మరోలా ఉండేదేమో.

ఆ తర్వాత దశాబ్దాలు సహాయ పాత్రలతో గడిచాయి. తండ్రి, తాత, జమీందారు, ఊరి పెద్ద. మద్రాసు నుంచి పరిశ్రమ హైదరాబాద్‌కు తరలింది, ఆయనా హైదరాబాద్ చేరారు. చివరి రోజుల్లో చేతిలో డబ్బాడక ఇబ్బందిపడ్డ సంగతి అందరికీ తెలిసిందే. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చలనచిత్ర రంగంలో జీవితకాల సేవకు ఇచ్చే రఘుపతి వెంకయ్య పురస్కారం ఆయనకు దక్కింది.

ఇక రచన. తెలుగు సినీ నటుల్లో కలం పట్టినవాళ్లకు కొరత లేదు. భానుమతి ‘అత్తగారి కథలు’ రాసి రచయిత్రిగానే పేరు తెచ్చుకున్నారు. ఆమె ఆత్మకథ ‘నాలో నేను’ సినిమా మీద ఉత్తమ గ్రంథంగా జాతీయ పురస్కారం పొందింది. గుమ్మడి ‘తీపి గురుతులు - చేదు జ్ఞాపకాలు’ రాశారు. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి తన గురించి కాక ఇతర కళాకారుల గురించి రాశారు. ఆయన ‘తెలుగువారి జానపద కళారూపాలు’ ఇవాళ్టికీ పరిశోధకుల బల్ల మీద ఉండే పుస్తకం. ఉమ్మడి నల్లగొండ జిల్లాకే చెందిన మరో నటుడు డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి తుంగతుర్తిలో పుట్టి, వైద్యం చదివి, ‘చివరకు మిగిలేది’తోనే తెరకెక్కి, ‘పండంటి కాపురం’ వంటి సినిమాలకు కథ సమకూర్చారు. సినీ కార్మికుల ఇళ్ల కోసం స్థలమిచ్చినందుకు మణికొండలోని చిత్రపురి కాలనీకి ఆయన పేరు పెట్టారు. ఒకే జిల్లా నుంచి వెళ్లి, 1960లో ఒకే సినిమాలో కనిపించిన ఇద్దరు నటులూ రచయితలే కావడం జిల్లావాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతి. ఒకరు ఇతరులకు కథలిచ్చారు, ఇంకొకరు తన కథ చెప్పుకున్నారు.

కత్తి వీరులు ఆత్మకథలు రాయడం ఇతర దేశాల్లోనూ ఉంది. ‘రాబిన్ హుడ్’ ఫ్లిన్ ‘మై వికెడ్, వికెడ్ వేస్’ అనే ఆత్మకథ రాశాడు. 1959లో అతను చనిపోయాక అది అచ్చయింది. రాయడంలో ఒక పాత్రికేయుడి సాయం ఉంది. పేరులోనే తాను చెడ్డవాణ్ణని చాటింపు. ఎం.జి.ఆర్. ‘ఆనంద వికటన్’ పత్రికలో రాసినదాని పేరు ‘నాన్ ఏన్ పిరందేన్’, అంటే నేనెందుకు పుట్టాను అని. అది నాయకుడు ప్రజలకిచ్చుకునే సంజాయిషీలాంటి పేరు. కాంతారావు తన పుస్తకానికి పెట్టుకున్న పేరులో చాటింపూ లేదు, సంజాయిషీ లేదు. ‘అనగనగా ఒక రాకుమారుడు’ అని అమ్మమ్మ కథ ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నారు.

ఆ పేరును కాస్త విప్పి చూడాలి. ‘అనగనగా’ అనగానే వినేవాడు ‘ఊ’ కొట్టాలి. తెలుగు కథకు అది ఒప్పందం: చెప్పేవాడు కల్పిస్తాడు, వినేవాడు నమ్ముతాడు. ఆత్మకథకు ఉండాల్సిన ఒప్పందం దానికి సరిగ్గా ఎదురు: చెప్పేవాడు కల్పించకూడదు. జీవితమంతా మొదటి ఒప్పందం మీద బతికిన నటుడు, నిజం చెప్పడానికి కూర్చున్నప్పుడు కూడా అదే మాటతో మొదలుపెట్టారు. అందులో కొంత వేళాకోళం ఉంది, కొంత దిగులు ఉంది. కథల్లో రాకుమారుడు చివరికి రాజవుతాడు, రాజ్యం ఏలుతాడు. ఈ రాకుమారుడు రాజు కాలేదు. తెర మీద ఏలిన రాజ్యాలన్నీ షూటింగు ముగిసిన సాయంత్రమే విప్పేసినవి. పేరులోనే ఆ సంగతి దాచిపెట్టిన మనిషికి రచన తెలియదని ఎలా అనగలం?

రచయితగా ఆయన్ని భానుమతి పక్కన పెట్టి తూచడం సరికాదు. ఆమెకు రాయడం రెండో వృత్తి, ఈయనకు ఒక్క పుస్తకం. కాకపోతే ఆ ఒక్క పుస్తకానికి వేరే విలువ ఉంది. మద్రాసు సినిమా చరిత్ర చెప్పినవాళ్లలో ఎక్కువమంది కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల మనుషులు. వాళ్ల జ్ఞాపకాల్లో తెలంగాణ అంటే సినిమా పంపిణీకి ‘నైజాం ఏరియా’, అంతే. అక్కడి నుంచి వచ్చి ఆ చోట నిలబడ్డ మనిషి కంటితో చూసిన మద్రాసు ఎలా ఉంటుందో చెప్పిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. జానపద చిత్రాల చరిత్ర రాయబోయేవారికి కూడా అది తప్పనిసరి. ఆ సినిమాల గురించి విమర్శకులు పట్టించుకుని రాసింది చాలా తక్కువ. పిల్లల సినిమాలనీ, దెయ్యాల సినిమాలనీ పక్కకు నెట్టారు. వాటిని చేతులారా చేసినవాళ్లలో రాజనాల 1998లో, విఠలాచార్య 1999లో పోయారు. లోపలి మనిషి సొంతగొంతుతో చెప్పిన కథగా కాంతారావు పుస్తకం మిగిలింది.

కాంతారావు పేరు మీద ఇప్పుడు ప్రభుత్వ పురస్కారం ఉంది. తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పిన గద్దర్ చలనచిత్ర పురస్కారాల్లో పైడి జైరాజ్, రఘుపతి వెంకయ్య పేర్లతో పాటు కాంతారావు పేరిట కూడా ఒకటి ఏర్పాటు చేశారు. 2025 జూన్ 14న హైదరాబాద్‌లో ఆ పురస్కారాన్ని తొలిసారి అందుకున్న నటుడు విజయ్ దేవరకొండ. అతని కుటుంబానిది పాలమూరు వైపు అచ్చంపేట.